అతుకుల ఇంటికి ఒకే రంగు

తల్లిదండ్రులు పెట్టిన పేరు అతనికి ఒకటుంది. రోడ్డు మీద ఎవరైనా ఆ పేరుతో కేకేస్తే, ఎవరిని పిలుస్తున్నారా అని అతను కూడా చుట్టూ చూస్తాడు. అందరికీ తెలిసిన పేరు బల్లి. నడుముకి తాడు కట్టుకుని, ఒక చేతికి రంగు డబ్బా తగిలించుకుని, రెండో చేత్తో బ్రష్షు ఆడిస్తూ, నాలుగంతస్తుల మేడ గోడని కాళ్లతో తన్నుకుంటూ పక్కకి జరిగే మనిషిని చూసి ఎవరో మేస్త్రీ పెట్టిన పేరది. పెట్టినవాడు పోయాడు, పేరు నిలిచింది. చిన్నవాళ్లు బల్లి మామయ్య అన్నారు, ఈడువాళ్లు ఒరే బల్లీ అన్నారు. పెళ్లైన కొత్తలో ఆ పిలుపు చెవిన పడితే భార్యకి ఒళ్లు మండేది. పదేళ్లు గడిచేసరికి, ఇల్లెక్కడమ్మా అని ఎవరైనా అడిగితే ఆవిడే బల్లి గారిల్లు అని చెప్పేది. 'గారు' అన్న మాటని మాత్రం కాస్త గట్టిగా పలికేది.

ముప్పై ఎనిమిదేళ్లు అతను ఇళ్ల బయటి గోడలకే రంగులు వేశాడు. లోపలి గదులంటే చిన్నచూపు. నేల మీద నిలబడి చేసేది కూడా ఒక పనేనా అనేవాడు. గోడ వైపు ఒక్క చూపు చూసి ఎన్ని చదరపు అడుగులుందో, ఎన్ని లీటర్లు తాగుతుందో, ఏ మూల నుంచి తేమ ఎక్కుతోందో చెప్పేవాడు. యజమానులకి పాఠాలు చెప్పడానికి మొహమాటపడేవాడు కాదు. పాత రంగు గీకకుండా పైన కొత్తది పూసెయ్యమని అడిగినవాళ్లతో, మొహం కడుక్కోకుండా పౌడరు రాసుకుంటారా మీరు అని మొహం మీదే అనేసేవాడు. ఆ రోషం వల్ల పోయిన పనులున్నాయి, దక్కిన గౌరవమూ ఉంది.

ఇంతటివాడి సొంత ఇల్లు ఎలా ఉండాలి? దీపం కిందే చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు. రంగు పనిలో ఒక ఆనవాయితీ ఉంది. పని ముగిశాక డబ్బా అడుగున మిగిలిన రంగు, వేసినవాడిది. ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ ఏ యజమానీ కాదనడు, ఏ మేస్త్రీ అడ్డుపడడు. బల్లి ప్రతి పని నుంచీ అలా అరడబ్బానో పావుడబ్బానో ఇంటికి తెచ్చేవాడు. తెచ్చినదాన్ని సెలవు రోజున సొంత ఇంటి బయటి గోడకి, అయిపోయేదాకా పూసేవాడు. అయిపోయిన చోట ఆగిపోయేవాడు. ఆ పక్కన ఖాళీని తర్వాతి డబ్బా నింపేది. ఖాళీలన్నీ నిండిపోయాక పాతవాటి మీదే మళ్లీ మొదలు. వీధి గుమ్మానికి ఎడమ పక్క డాక్టరు గారింటి పసుపు, కుడి పక్క బడి గోడల నీలం, కిటికీ కింద ఏదో బ్యాంకువాళ్ల బూడిద రంగు, మేడ మీది గదికి సినిమా హాలు గులాబీ. వీధి పిల్లలు దానికి అతుకుల ఇల్లని పేరు పెట్టారు. కూతురు చదువుకునే రోజుల్లో, స్నేహితురాళ్లు వెంట ఉంటే తన ఇంటి ముందు ఆగకుండా వీధి చివరిదాకా నడిచి, వాళ్లు వెళ్లిపోయాక వెనక్కి వచ్చేది. ఈ సంగతి బల్లికి తెలియదు. తల్లికి తెలుసు.

భార్య అతన్ని పెద్ద కోరికలేవీ కోరలేదు. ఇంటికి ఒకే రంగు ఉంటే బాగుండునని మాత్రం ఏటా ఒకసారైనా అనేది. ఊరికే వచ్చిన రంగుని ఎవరైనా వద్దంటారా అని బల్లి నవ్వేసేవాడు. ఆ నవ్వుతో ముప్పై ఏళ్లు గడిచిపోయాయి.

రెండేళ్ల కిందట ఒక మేడ మూడో అంతస్తు దగ్గర అతనికి ఉన్నట్టుండి ప్రపంచం గిర్రున తిరిగింది. తాడు మీద వేలాడిపోయాడు. కింద ఉన్నవాళ్లు లాగి దించారు. చెవిలో తూకం చెడిపోయిందనీ, ఇక ముక్కాలి పీట కంటే ఎత్తు ఎక్కితే ఈసారి దించడానికి మనిషి మిగలడనీ డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే భార్య అతని చేత మాట ఇప్పించుకుంది. నిచ్చెన మొదటి మెట్టు మీద కూడా కాలు పెట్టకూడదు. బల్లి మాట ఇచ్చాడు. ఆ రోజుతో గోడలకీ అతనికీ రుణం తీరిపోయింది.

కూతురిది కళ్లజోళ్ల దుకాణం, రెండు వీధుల అవతల. తల్లికి అరవై నిండుతున్నాయి కాబట్టి ఈ ఏడు ఇంటికి రంగు వేయిస్తానంది. అమ్మ చెప్పిన రంగు, నాలుగు వైపులా ఒక్కటే రంగు. లక్ష దాకా తను పెట్టుకుంటానంది. లక్ష ఎందుకే, నా పాత జట్టుని పిలిస్తే నలభై వేలలో ముగించి టీ డబ్బులు మిగిలిస్తారని బల్లి అన్నాడు. తీరా పిలవబోతే జట్టులో ఇద్దరు పోయారు, ఒకడికి మోకాళ్లు లేవు, మిగతావాళ్లు ఏదో పెద్ద రంగుల కంపెనీలో చేరి అక్కడి చొక్కాలు తొడుక్కుని తిరుగుతున్నారు. చేసేది లేక ఆ కంపెనీకే కబురు పెట్టారు.

ఎస్టిమేటు వేయడానికి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. చేతిలో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పరికరం. బల్లి చేతులు కట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఈ పిల్లకాకికేం తెలుసు గోడల సంగతి, ఎక్కడ తప్పు చేస్తుందో పట్టుకుందామని అతని ఆశ. ఆ అమ్మాయి దాంతో గోడ మీద ఎర్ర వెలుగు చుక్క వేసింది, పరికరం అంకె చూపించింది, పది నిమిషాల్లో నాలుగు వైపులా కొలత పూర్తయింది. రెండు వేల నూట నలభై అడుగులంది. బల్లి లెక్కలో రెండు వేల వంద. నలభై అడుగులు ఎక్కువ వేశావని గట్టిగా పట్టుకున్నాడు. డాబా పిట్టగోడ లోపలి వైపు కూడా కలిపానండీ, దానికీ వేయాలి కదా అని ఆమె మర్యాదగా చెప్పింది. ఆ ముక్క అతను మరిచిపోయాడు. కట్టుకున్న చేతులు విప్పేశాడు.

తర్వాత ఆమె సంచిలోంచి వెడల్పాటి టేపు తీసి కిటికీ కింద అతికించి, బొటనవేలితో గట్టిగా రుద్ది ఒక్క లాగు లాగింది. టేపుతో పాటు అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. దాని అంచుని వెలుతురుకి పెట్టి పొరలు లెక్కపెట్టింది. పదకొండు. ఇంకో మూడు చోట్ల అలాగే లాగింది. మూడు చోట్లా గోడ అలాగే పెచ్చులిచ్చింది.

"ఇన్నాళ్లూ ఈ గోడకి రంగు ఎవరు వేశారు సార్?" అంది. "ఆయిల్ పెయింటు మీద నీళ్ల రంగు, దాని మీద మళ్లీ ఆయిల్. ఒక్కసారి కూడా గీకలేదు. పని తెలిసినవాళ్లు ఇలా చెయ్యరు."

సరిగ్గా అప్పుడే భార్య టీ కప్పులతో గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ మొగుడి వైపు చూసింది. బల్లి తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఎవరో తెలిసినవాడేనమ్మా, ఇప్పుడు పని మానేశాడు అన్నాడు. తనని సార్ అని పిలిచిన మొదటి మనిషి తనకే పని రాదని చెప్పడం ఆ కాసేపట్లోనే జరిగిపోయింది.

ఆమె ఫోనులో లెక్క వేసి తెర అతని వైపు తిప్పింది. మూడు లక్షల నలభై వేలు.

బల్లి మొదట ఒక సున్న ఎక్కువ పడిందేమో అనుకున్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. సున్నలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ ఇల్లు పునాది నుంచి డాబా దాకా కట్టడానికి అప్పట్లో రెండు లక్షల పది వేలయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు రంగు వేయించి చూడు అనడం ఎలా మరిచిపోయాడో! అరుగు మీద కూలబడి, రంగులో ఏమైనా బంగారం కలుపుతారా అమ్మా అని అడిగాడు. ఆమె నవ్వకుండా విడివిడిగా చూపించింది. రంగూ ప్రైమరూ కలిపి డెబ్బై వేలు. వేసినందుకు కూలి ఎనభై. పరంజా కట్టి విప్పడానికి ముప్పై. మిగిలిన లక్షా అరవై వేలూ పాత పొరలన్నీ గీకి, గోడ కడిగి, గుంటలకి లప్పం పెట్టడానికి.

అంటే దాదాపు సగం డబ్బు రంగు వేయడానికి కాదు, వేసిన రంగు తీయడానికి. ఊరికే వచ్చిందని ముప్పై ఏళ్లు మురిసిపోయి పూసిన ప్రతి డబ్బాకీ ఇప్పుడు బిల్లు వచ్చింది. ఊళ్లోవాళ్లందరికీ గీకమని నీతులు చెప్పినవాడు సొంత గోడని ఒక్కసారి గీకలేదు. గీకితే నిన్న వేసిన రంగు పోతుందని అతని బాధ. బల్లికి సిగ్గు ముంచుకొచ్చింది. గీకుడు ఇంటివాళ్లే చేసుకుంటే ఎంత తగ్గిస్తారని మాత్రం అడగగలిగాడు. గోడ శుభ్రంగా ఇస్తే ఆ లక్షా అరవై ఎగిరిపోతుందని ఆమె చెప్పి, ఇంకో చోటికి వెళ్లాలని లేచింది.

ఫోనులో ఆ అంకెని కూతురు ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత సరే నాన్నా, ఇస్తానంది. ఆ 'సరే' బల్లి గుండెలో ముల్లులా దిగింది. ఇస్తానన్న లక్ష కాక కూతురి దగ్గర ఇంకెంతుందో అతనికి తెలుసు. అద్దాలు కోసే మిషను కొనడానికి నాలుగేళ్లుగా కూడబెట్టిన మూడున్నర లక్షలు. మిషను లేక ఆమె ప్రతి జత అద్దాలూ బయటికి పంపి కోయించుకుంటోంది. ఆలస్యమైతే గిరాకీ పక్క దుకాణానికి పోతోంది. తన పాపం కూతురి మిషను మింగుతుందంటే బల్లి ఒప్పుకోలేకపోయాడు. గీకుడు నేనే చేస్తాను, నీ లక్ష చాలు, మిగతాది నా దగ్గరుంది అన్నాడు. నేల మీద నిలబడి అందినంతవరకేనని భార్యకి చెప్పాడు. అందని దాని సంగతేమిటని ఆవిడ అడిగింది. చూద్దాం అన్నాడు. బల్లి చూద్దాం అంటే ఏమిటో ఆవిడకి బాగా తెలుసు.

నాలుగు రోజులు వంగి, లేచి, రేకుతో గీకాడు. డాక్టరు గారి పసుపు కింద వడ్డీ వ్యాపారి ఆకుపచ్చ వచ్చింది, దాని కింద ఎవరిదో పెళ్లింటి తెలుపు వచ్చింది. ఒక్కో పొర ఊడుతుంటే ఆ ఇంటివాళ్లు పెట్టిన టీ, పెట్టని టీ అన్నీ గుర్తొచ్చాయి. సాయంత్రానికి భుజం లేవకపోయినా పైకి హుషారుగానే ఉన్నాడు. చింత చచ్చినా పులుపు చావలేదని భార్య తైలం రాస్తూ గొణిగింది. నాలుగో రోజు చీకటిపడే వేళకి ఇంటి చుట్టూ చేయి అందిన ఎత్తు దాకా బూడిద రంగు సిమెంటు తేలింది. ఆ పైన పదిహేను అడుగులు అతుకులు అతుకుల్లాగే ఉన్నాయి.

ఐదో రోజు మధ్యాహ్నం భార్య కూతురి దుకాణానికని బయల్దేరింది. ఆవిడ మలుపు తిరిగేదాకా చూసి, బల్లి పెరట్లోంచి నిచ్చెన తెచ్చి గోడకి ఆనించాడు. రేకు నడుముకి దోపుకుని రెండు మెట్లు ఎక్కాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టబోతుంటే వెనక గేటు చప్పుడయింది. ఆవిడ మలుపు దాకానే వెళ్లి వచ్చేసింది.

అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. దిగమంది. దిగాడు. ఏదో సంజాయిషీ చెప్పబోతుంటే ఆవిడ వినిపించుకోకుండా అతని నడుములోని రేకు లాక్కుంది.

"నువ్వు ఎక్కకూడదు. దాని మిషను పోకూడదు. గోడ గీకాలి," అంది. "ఇంకెవరున్నారు ఈ ఇంట్లో? గట్టిగా పట్టుకో."

అరవై ఏళ్ల మనిషి. అటక మీది డబ్బా కావాలంటే మొగుణ్ణి పిలిచే మనిషి. చెప్పులు విడిచి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ కూడదీసుకుని ఎక్కడం మొదలుపెట్టింది. సరదాకి బెదిరిస్తోంది, మూడో మెట్టు దగ్గర దిగిపోతుందిలే అనుకున్నాడు బల్లి. ఆవిడ ఎనిమిదో మెట్టు దాకా వెళ్లి గీకడం మొదలుపెట్టింది. పెచ్చులు అతని నెత్తి మీద, కనురెప్పల మీద రాలుతున్నాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ నిచ్చెనకే అంటుకుపోయాయి. ఆవిడ పాదం అతని కళ్లకి ఎదురుగా, మెట్టు అంచు మీద, వణుకుతోంది. పగుళ్లు పడిన ఆ మడమని ఇంత దగ్గరగా అతను ఎప్పుడూ చూడలేదు.

ముప్పై ఎనిమిదేళ్లలో అతనికి ఎత్తంటే భయం తెలియదు. మూడో అంతస్తు దగ్గర తల తిరిగినప్పుడు కూడా, ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే కిందకి దించేశారు. ఇప్పుడు నేల మీద రెండు కాళ్లతో నిలబడి ఉండగా తెలిసింది. పైన ఉన్నవాడికి చేతిలో పని ఉంటుంది, కాలి కింద మెట్టు ఉంటుంది. కింద ఉన్నవాడికి చూడటం తప్ప ఏమీ ఉండదు. ఆవిడ అందని చోటు కోసం పక్కకి వంగింది. కుడి పాదం మెట్టు మీంచి లేచింది. అలా వంగకూడదని అతను ఎంతమంది కొత్తవాళ్లకి చెప్పాడో లెక్కే లేదు. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"దిగు," అన్నాడు ఎలాగో.

ఇంకో జానెడే ఉందని పైనుంచి అంది.

"దిగవే. నీకు దండం పెడతాను, దిగు."

ఆ గొంతు విని ఆవిడ కిందకి చూసింది. ఎక్కినంత నెమ్మదిగానే దిగింది. కాలు నేల మీద పెట్టగానే బల్లి నిచ్చెన వదిలేసి, రాలిన పెచ్చుల మీదే చతికిలబడ్డాడు. ఆవిడ అతని నెత్తి మీది రంగు పొడి దులిపింది.

ఐదు నిమిషాలకే నా పని ఇలా అయింది, ఇన్నేళ్లూ నేను పైన ఉన్నంతసేపూ నువ్వేం చేసేదానివి అని అడిగాడు చివరికి. ఇన్నేళ్లలో అడగవలసిన ప్రశ్నే, అడగడానికి ఇప్పటికి తోచింది.

"ఏం చేస్తాను, ఇంటి పనులే," అంది. రేకు పక్కన పెట్టి, "పొయ్యి మాత్రం వెలిగించేదాన్ని కాదు. నువ్వు గేటు తీసుకుని వచ్చావని తెలిశాకే వెలిగించేదాన్ని. రాత్రికి ఎంతమందికి వండాలో తెలియాలి కదా," అంది.

బల్లి నిర్ఘాంతపోయాడు. పెళ్లైన నాటి నుంచీ ఆ ఇంట్లో రాత్రి వంట ఆలస్యమే. పొద్దంతా గోడలకి వేలాడి వచ్చిన మనిషికి ఇంత తిండి సిద్ధంగా ఉంచలేవా అని అతను అరవని వారం లేదు. ఒకసారి కోపంతో మంచినీళ్ల చెంబు నేలకేసి కొట్టాడు కూడా. నా పెళ్లానికి బద్ధకం తప్ప అన్నీ మంచి గుణాలే అని మేస్త్రీలందరి ముందూ నవ్వుతూ చెప్పుకున్నాడు. ఆవిడ ఒక్కనాడూ జవాబు చెప్పలేదు. పొయ్యి వెలిగించి, గబగబా వండి, వడ్డించేది. మూడు లక్షల నలభై వేలు అన్న అంకె చూసినప్పుడు లేచి నిలబడగలిగాడు గానీ, ఈ మాట విన్నాక అతను లేవలేకపోయాడు. ఆవిడ చేయి పట్టుకుని ఏడ్చాడు.

మర్నాడు ఎస్టిమేటు అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి మాట్లాడింది ఇల్లాలే. వీధిలోకి కనిపించే ముందు గోడ ఒక్కటే వెయ్యండి, మిగతా మూడు వైపులా పైన ఈయన డబ్బాలు అలాగే ఉండనీ, వాటిని చూసేది మేమేగా అంది. రంగుల పుస్తకం తిరగేసి లేత మట్టి రంగు చూపించింది. పరంజాతో, పైభాగం గీకుడుతో కలిపి ఎనభై ఐదు వేలయింది. కూతురి లక్షలోనే సరిపోయింది, మిషను డబ్బు మిషనుకే మిగిలింది.

జీవితంలో మొదటిసారి బల్లి బేరమాడలేదు. గోడ మీదికి ఎక్కేవాళ్లకి నడుముకి తాడు ఉంటుందా అని అడిగాడు. ఉంటుందంది. సాయంత్రం ఎన్నింటికి దిగుతారని అడిగాడు. అయిదున్నరకంది.

"దిగగానే ప్రతి ఒక్కడి చేతా వాళ్ల ఇంటికి ఒక ఫోన్ చేయించమ్మా," అన్నాడు. "దానికి ఎంతైతే అంత ఎస్టిమేటులో రాసుకో, నేనిస్తాను."

ఫోన్ చేయడానికి ఈ రోజుల్లో ఖర్చేముంటుంది సార్ అని ఆ అమ్మాయి నవ్వింది.

"తెలుసమ్మా," అన్నాడు బల్లి. "అయినా చేయించు."